పాలారు ఒడ్డుకు చేరిన పొన్నై చీర

సొంత అవ్వ చావును ఒకే ఒక్క వాక్యంతో తలకిందులు చేసిన మనవరాలిని మీరు ఎప్పుడైనా చూశారా? చూడకపోతే కాస్త కుర్చీ లాక్కొని కూర్చోండి, ఆ మనవరాలు నేనే. ఆ వాక్యం నోటితో అన్నది కూడా కాదు, కంప్యూటర్లో రాసింది. దాని దెబ్బకు ఒక ఊళ్లో శవం ఉంటే ఇంకో ఊళ్లో ఏడుపు లేచింది. మీకు నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వండి. మా బంధువులు కూడా ఇప్పుడు నవ్వుతున్నారు. నాకు మాత్రం ఆ నవ్వు సగం దాకా వచ్చి ఆగిపోతుంది.

మాది గుడియాత్తం. బజారు వీధిలో మా నాయనకు బట్టల అంగడి ఉంది. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నాం కాబట్టి ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, కోపం వస్తే రెండూ. తెలుగు గడగడా మాట్లాడతాం గానీ, చదవమంటే మా ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నేనొక్కదాన్నే పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను. ఆ గర్వం నెత్తికెక్కి చాలా కాలం దిగలేదు. వేలూరులో ఒక చిన్న కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేసే ఉద్యోగం నాది. నేను చేసే పనేమిటో మా ఇంట్లో ఒక్కరికీ అర్థం కాలేదు, అందుకే అందరికీ నేనంటే విపరీతమైన గౌరవం.

మా వాళ్లకు వేలూరులో, గుడియాత్తంలో ఒక సంఘం ఉంది. వెనకటికి మా వాళ్లలో ఎవరైనా పోతే కబురు చెప్పడానికి సంఘం మనిషి ఊరూరూ తిరిగేవాడు. నాట్రంపల్లి, ఆలంగాయం, పొన్నై, ఎక్కడ మా వాళ్ల ఇల్లుంటే అక్కడికి వెళ్లి, లోపలికి రాకుండా, మంచినీళ్లు ముట్టకుండా, వాకిట్లోనే నిలబడి ఫలానా వాళ్లు పోయారు, ఫలానా చోట, ఫలానా వేళకు ఎత్తుతారు అని చెప్పి వెనక్కి తిరిగేవాడు. ఆయనకు మోకాళ్లు పోయాయి, ఈలోగా ఫోన్లు వచ్చాయి. ఫోన్లతో వచ్చిన చిక్కేమిటంటే, ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరేసరికి పోయిన మనిషే మారిపోయేవాడు. ఒకసారి ఆలంగాయంలో ఒక పెద్దాయన ఇంటికి జనం పూలమాలలతో వెళ్లారు. తలుపు తీసింది ఆయనే.

ఆ గొడవ తర్వాత సంఘం పెద్దాయన మా ఇంటికి వచ్చి నన్ను పిలిపించాడు. చావు కబురు అందరికీ ఒకే మాదిరిగా, తప్పు లేకుండా పోయేటట్టు ఏదైనా చేసిపెట్టమని అడిగాడు. నేను ఎగిరి గంతేశాను. చావు కబుర్ల పనికి గంతేసిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

పని మామూలుదే. పోయిన వాళ్ల వివరాలు వెబ్‌సైట్‌లో ఎక్కించగానే సంఘంలో ఉన్న వాళ్లందరి ఫోన్లకూ ఒక లింకు పోతుంది. అది నొక్కితే పటం, పేరు, వివరాలు, ఎత్తే వేళ, అడుగున పెద్దగా మ్యాప్. ఇంతే. అయితే ఊరికే ఉంటే అది మా సంఘం ఎందుకవుతుంది? గుడియాత్తం వాళ్ల చావు వేలూరు పేరు మీద రావడమేమిటని వీళ్లు, వేలూరు పేరు లేకుండా సంఘమేమిటని వాళ్లు. చివరికి ఊరికొక వెబ్‌సైట్ పేరు, అంటే రెండు డొమైన్లు, కొన్నాం. పైకి రెండు సైట్లు, లోపల సరుకంతా ఒకటే. వేలూరు పేరుతో తెరిస్తే పాలారు ఒడ్డున ఉన్న శ్మశానానికి మ్యాప్ కనిపిస్తుంది. ఎందుకంటే వేలూరులో అందరివీ ఇరుకు సందుల్లో అద్దె ఇళ్లు, బయటూరి వాళ్లు నేరుగా అక్కడికే వెళ్తారు. గుడియాత్తం పేరుతో తెరిస్తే మా వాళ్ల ఇళ్లన్నీ ఉండే బజారు వీధికి మ్యాప్.

పెద్దాయన ఒక్కటే కోరాడు, వివరాలు తమిళ అక్షరాల్లో పెట్టమని. నేను ఒప్పుకోలేదు. మన భాషలో చచ్చిపోయి పక్క భాషలో చదివించుకోవడం ఏం మర్యాద అని ఉపన్యాసం ఇచ్చాను. పాపం ఆయన తల వంచుకొని విన్నాడు. పెద్దాయనకు తెలుగు చదవడం రాదు, నాకు ఎదుటివాళ్ల మాట వినడం రాదు.

ఇప్పుడు ఆ వాక్యం దగ్గరికి వద్దాం. భయపడకండి, మా అంగడి చూపించి చెబుతాను. మా నాయన అంగడికి రెండు వీధుల్లోకీ రెండు వాకిళ్లు. నడుమ సరుకు గది ఒకటే. సరుకు గదిలో కూర్చున్న మనిషికి బేరం ఏ వాకిట్లోంచి వచ్చిందో కనబడదు. వాకిట్లో ఉన్న వాళ్లు కేకేసి చెప్పాలి. వెబ్‌సైట్‌లో మోడల్ అని ఒకటి ఉంటుంది, అది ఆ సరుకు గది. వివరాలన్నీ అందులోనే. తెరిచిన మనిషి ఏ డొమైన్ నుంచి వచ్చాడో అక్కడి దాకా చేరదు, ఎవరో ఒకరు చెప్పాలి. నేను లింకు తయారుచేసే పనిని మోడల్‌కే అప్పజెప్పాను. లింకుకు ముందు డొమైన్ పేరు కావాలి గదా, అది ఏ ఊరిదో దానికి ఎట్లా తెలుస్తుంది? ప్రతి చావు కబురుకూ దాని ఊరు దానితోనే రాసి పెట్టి ఉంటే సరిపోయేది. దానికి ఒక పూట పని. నేను చేసిందేమిటంటే, డొమైన్ల పట్టికలో మొదట ఏదుంటే అది తీసుకో అని ఒక్క వాక్యం రాసి, దాని పక్కన 'తాత్కాలికం' అని పెట్టి, టీ తాగడానికి వెళ్లాను. మొదట ఉన్నది వేలూరు.

ఆఫీసులో నా పక్కన కూర్చునే సీనియర్ అది చూసి, రేపు రెండో ఊళ్లో ఎవరైనా పోతే ఏం చేస్తావని అడిగాడు. రెండో ఊళ్లో అందరూ గట్టిగా ఉన్నారని చెప్పాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నా నాలుక నేనే కొరుక్కుంటాను. ఆ తర్వాత నెలల తరబడి పోయినవాళ్లంతా వేలూరు వాళ్లే. లింకులన్నీ చక్కగా పని చేశాయి. సంఘం సభలో నాకు శాలువా కప్పారు. తాత్కాలికం సంగతి శాలువా కింద పడి మరుగైపోయింది.

మా అవ్వకు ఈ వ్యవహారమంతా ఎంతో నచ్చింది. గుండె జబ్బు ముదిరి ఆసుపత్రి కోసం వేలూరులో నా దగ్గరే ఉండేది. సాయంత్రాలు నా పక్కన కూర్చుని పోయినవాళ్ల పటాలు ఒక్కొక్కటే చూపించమనేది. "నా పటం గూడా దీంట్లో వస్తాదా పాపా?" అని ఒకసారి అడిగింది. ఇప్పుడెందుకవ్వా అన్నాను. "ఎప్పుడన్నా గానీ, పసుప్పచ్చ చీరలో ఉండేది పెట్టు. ఇంగోదాంట్లో నోరు వంకర పడింది" అంది.

చీర అంటే గుర్తొచ్చింది, మా వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. ఆడమనిషి పోతే పుట్టింటి నుంచి చీర రావాలి. అన్నో తమ్ముడో తన చేత్తో తెచ్చి కప్పాలి. అది కప్పందే ఎత్తరు. దాంతోపాటు ఇంకో కట్టుబాటు ఉంది, చావు కోసం తెచ్చిన చీర శ్మశానం లోపలికి పోయిందంటే మళ్లీ బయటికి తేకూడదు. మా అవ్వకు మిగిలిన పుట్టిల్లు పొన్నైలో చిల్లర అంగడి పెట్టుకున్న తమ్ముడొక్కడే. మేమంతా ఆయన్ని పొన్నై తాత అంటాం. అవ్వ నాతో చెప్పిన చివరి కోరిక ఆ తాత గురించే. మాత్రలు మింగి, మంచం మీద కూర్చుని, సంతలోంచి ఏం తేవాలో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మీ నాయన అంగట్లో పట్టుచీరలు ఎన్నన్నా ఉండనీ, నాకు అక్కర్లేదు. మా తమ్ముడు నూలుచీర తెచ్చినా అది కప్పితేనే నేను లేచేది. వాడు వచ్చే దాకా ఎత్తనీకు. నీకు చెప్తా ఉండాను, మీ నాయన కంగారు మనిషి."

నాకు చెప్పింది. ఇంట్లో అందరిలోకీ తెలివైనదాన్నని నాకే చెప్పింది.

ఒకరోజు తెల్లవారుజామున ఆసుపత్రిలో అవ్వ పోయింది. ఎండ ముదరక ముందే గుడియాత్తం తెచ్చేశాం. వాకిట్లో బెంచీ వేసి పడుకోబెట్టారు. బజారు వీధిలో అంగళ్లన్నీ ఒకటొకటిగా షట్టర్లు దించేశాయి. వీధిలో ఒకరు పోతే శవం దాటే దాకా ఎవరూ అంగడి తెరవరు, అది మర్యాద. నేను ఒక మూల కూర్చుని, కళ్లు తుడుచుకుంటూనే గుడియాత్తం సైట్ తెరిచి వివరాలన్నీ ఎక్కించాను. పసుపుపచ్చ చీర పటమే పెట్టాను. గుడియాత్తం, బజారు వీధి, ఇంటి గుర్తులు, మధ్యాహ్నం మూడుకు ఎత్తేది, అన్నీ తెలుగులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. పేజీ తెరిచి చూసుకున్నాను, అడుగున మ్యాప్ మా వీధినే చూపించింది. నేను గుడియాత్తం వాకిట్లోంచి చూశాను గదా, అందుకు. సరుకు గదిలోంచి ఊళ్లకు బయలుదేరిన లింకు ఏ పేరు మీద పోయిందో చూడలేదు.

పొన్నైకి ఫోన్ చేసి చెప్పమని నాయన రెండు మూడుసార్లు అడిగాడు. ఫోన్లు వద్దనే కదా ఇదంతా చేసింది, లింకు అందింది, తెరిచి చూశారు కూడా, బయలుదేరాం అని అత్త మెసేజ్ పెట్టింది అని విసుక్కున్నాను. అత్త అంటే పొన్నై తాత కోడలు. చనిపోయిన మనిషి కొడుకు మీద విసుక్కోవడానికి ఎంత తలపొగరు ఉండాలో ఆలోచించండి.

మధ్యాహ్నమైంది. వీధివాళ్లు, అంగళ్లవాళ్లు వచ్చారు. బయటూరి బంధువులు ఒక్కరూ లేరు. మూడు దాటింది. పాడె సిద్ధంగా ఉంది, పూలు వాడిపోతున్నాయి, డప్పుల వాళ్లు కొట్టి కొట్టి బీడీలు ముట్టించారు. నాట్రంపల్లి వాళ్లు ఎందుకు రాలేదు? ఆలంగాయం పెద్దత్త, ఏ చావుకైనా అందరికంటే ముందు వచ్చి అందరికంటే గట్టిగా ఏడ్చే మనిషి, ఆవిడ ఏది? మా నాయన అవ్వ తల దగ్గర కూర్చుని వీధి చివరికి చూస్తూ ఉండిపోయాడు. కాసేపయ్యాక, "మా యమ్మకు ఎవురూ లేకుండా పోయినారా?" అన్నాడు, తనలో తాను మాట్లాడుకున్నట్టు.

సంఘం పెద్దాయన వచ్చి, పొద్దు కుంకే లోపల ఎత్తాల్సిందే, పుట్టింటి చీర రాకపోతే ఏం చేద్దామో ఆలోచించండి అని మెల్లగా చెప్పాడు. అప్పుడు నేను పొన్నై అత్తకు ఫోన్ చేశాను. యాడున్నారు అని అడిగాను.

"మేము వచ్చి శానా సేపయిందిమ్మా. ఈడ్నే ఉండాము."

"ఈడంటే యాడత్తా? మేమూ ఈడ్నే ఉండాము, మాకు కనబడలేదే."

"నేను బండ్లో కూర్చోనుండాను. ఆడోళ్లు లోపలికి పోగూడదు గదా. మామ చీర తీసుకోని లోపలికి పోయినాడు."

"ఏం లోపలికి?"

"సుడుగాట్లోకి. నువ్వు పంపించినావే, ఆ మ్యాప్‌లో ఉండే చోటికే."

సుడుగాడంటే మావైపు శ్మశానం. "అత్తా, మేమింకా అవ్వను ఎత్తనే లేదు. అవ్వ నా ముందరే ఉండాది" అన్నాను.

అత్త చాలా చిన్నగా అడిగింది. "మరి ఈడ వచ్చిండేది ఎవురు?"

ఫోన్ పెట్టకుండానే నేను పంపిన లింకు తీసి చూశాను. మొట్టమొదటి మాటే వేలూరు. నా తాత్కాలికం నన్ను చూసి కళ్లెగరేసినట్టు అనిపించింది. అవ్వ వేలూరు ఆసుపత్రిలో ఉన్న సంగతి అందరికీ తెలుసు, అక్కడే కానిచ్చేస్తున్నారనుకోవడంలో వింతేముంది? పేజీలో గుడియాత్తం అని నేను తెలుగులో స్పష్టంగానే రాశాను. కానీ చదివేదెవరు? మా వాళ్లు పటం చూసి అవ్వను గుర్తుపట్టారు, అంకె చూసి వేళ తెలుసుకున్నారు, మ్యాప్ నొక్కి బండెక్కారు. నాట్రంపల్లి వాళ్లయితే గుడియాత్తం మలుపు దాటుకొని మరీ వేలూరు పోయారు. నేను పెద్దాయన మాట విని తమిళంలో రాసి ఉంటే ఒక్కడైనా చదివి ఆగేవాడు.

వేలూరులో జరిగింది నాకు తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. పాలారు ఒడ్డున మా బంధుబలగమంతా దిగింది. మగవాళ్లు లోపల చెట్టు నీడన. ఆడవాళ్లను శ్మశానానికి పిలవడమేం పద్ధతని మండిపడుతూ ఆలంగాయం పెద్దత్త, మిగిలిన ఆడవాళ్లు ఎదురుగా టీ అంగడి బెంచీల మీద. అంత సేపు కూర్చుని కూర్చుని పెద్దత్త ఏడుపు లోపలే పులిసిపోయిందేమో, దూరంగా శవం బండి కనబడగానే ఒక్కసారిగా అందుకుంది. మా అవ్వ చేతి వంట దగ్గర మొదలుపెట్టి, ఆవిడ ఓర్పు, ఆవిడ నడక, ఆవిడ పెట్టిన చీరలు, అన్నీ వరుసపెట్టి తలుచుకుంటూ గుండెలు బాదుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు కలిశారు.

బండి దిగిన వాళ్లు నిర్ఘాంతపోయారు. వాళ్లు ఒక వృద్ధాశ్రమం పనివాళ్లు. వాళ్లు తెచ్చిన ముసలామె పేరు కన్నమ్మ. ఏ ఊరిదో తెలియదు, ఏళ్ల క్రితం ఎవరో తెచ్చి వదిలేశారు, ఒక్కరూ చూడ్డానికి రాలేదు. అట్లాంటి మనిషికి ఇంత మంది బంధువులు ఎట్లా పుట్టుకొచ్చారో వాళ్లకు అంతుబట్టలేదు. బతికున్నన్నాళ్లూ యాడికి పోయినారని వాళ్లలో ఒకడు మావాళ్ల మీద గొంతు లేపాడట. మావాళ్లు అది మా నాయనను తిట్టడమనుకొని తలలు వంచుకున్నారు.

ఈ గొడవలో పొన్నై తాత ఎవరి మాటా వినకుండా నేరుగా శవం దగ్గరికి నడిచాడు. మొహం మీద గుడ్డ కప్పి ఉంది. చీర మడత విప్పి, ఒకసారి చూస్తాను తియ్యమన్నాడు. తీశారు. వాళ్ల అక్క కాదు.

ఈమెకు ఎవరూ లేరా అని తాత అడిగాడట. లేరన్నారు. చీర లోపలికి వచ్చేసింది, మళ్లీ బయటికి తీసుకుపోవడానికి లేదు. అదుగో, ఆ కట్టుబాటు అక్కడ అడ్డంపడింది. తాత వంగి ఆ చీరను మెడ దాకా నిండుగా కప్పి, అంచు సరిచేసి, చేతులు జోడించి బయటికి వచ్చాడు. అప్పుడే అత్త బండ్లోంచి ఫోన్ అందించింది.

నేను ఏడుస్తూ జరిగిందంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. "చీర ఈడ ఇచ్చేసినానమ్మా. తోవలో ఇంగోటి కొనుక్కోని వస్తాను" అన్నాడు. ఇక్కడ నేను ఆ రోజుకు రెండో ఘనకార్యం చేశాను. ఆగొద్దు తాతా, పొద్దు కుంకిపోతుంది, మన బజారు వీధి నిండా చీరల అంగళ్లే, ఈడికి వచ్చి కొనుక్కుందువు అని చెప్పాను. అవ్వ మీద మర్యాదతో ఆ అంగళ్లన్నీ మూసి ఉన్నాయని, వాటి మధ్యనే కూర్చుని ఉన్న నాకు తట్టలేదు.

బండ్లన్నీ వరసగా మా వీధిలోకి వచ్చేసరికి ఎండ మేడల మీదికి ఎక్కిపోయింది. తాత దిగాడు. అటు చూస్తే షట్టరు, ఇటు చూస్తే షట్టరు. మా నాయన లేచి మన అంగడి తెరుస్తానన్నాడు. పెద్దాయన అడ్డుచెప్పాడు. అది మెట్టినింటి సరుకు, పుట్టింటి చీర ఎట్లా అవుతుంది? పక్క అంగడాయన్ని లేపుదామంటే, శవం కదలకుండా షట్టరు ఎత్తడం అరిష్టమని ఇంకొకరన్నారు. ఎవరికి తోచింది వాళ్లు చెబుతూ ఉంటే నడివీధిలో తాత ఉత్త చేతులతో నిలబడ్డాడు. నేను ఆయన వైపు చూడలేకపోయాను. అవ్వ నాకు చెప్పిన పని ఒకటే, ఆ ఒకటీ ఇట్లా చేశాను.

తాత భుజం మీది తుండుగుడ్డ తీశాడు. ఉతికి ఉతికి తెల్లబడిన నూలు తుండు. దాన్ని విదిలించి మా అవ్వ మీద పరిచి, చీర కప్పినట్టే మెడ దాకా లాగాడు. అది మోకాళ్ల దగ్గరికే సరిపోయింది.

చీర కాదు గదా అని పెద్దాయన నసిగాడు.

"పొన్నైలో ఉతికి, పొన్నైలో ఆరేసిన గుడ్డ. ఇంగేమి కావాల?" అన్నాడు తాత.

అది శ్మశానంలోకి పోయి వచ్చిన గుడ్డ గదా అని వెనక నుంచి ఎవరో అన్నారు.

తాత అటు తిరిగాడు. "నేనూ పొయ్యొచ్చినాను. నన్ను గూడా అక్క దగ్గరికి రానీరా?"

పెద్దాయన డప్పుల వాళ్ల వైపు చెయ్యి ఊపాడు. పాడె లేచింది. ఆలంగాయం పెద్దత్త మళ్లీ ఏడవబోయింది గానీ గొంతు వేలూరులోనే అయిపోయింది, నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అది చూసి నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకొని గోడ వైపు తిరిగి, నవ్వు ఏడుపుగా మారే దాకా అట్లాగే నిలబడ్డాను. మా అవ్వ వీధి మలుపు తిరిగేటప్పుడు ఆమె మీద ఉన్నది తమ్ముడి తుండే.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి మొదట చేసిన పని, ఆ వాక్యం తీసెయ్యడం. ప్రతి కబురుకూ దాని ఊరేదో దానితోనే రాసి పెట్టే ఏర్పాటు చేశాను. చెప్పాను గదా, ఒక పూట పని. అన్ని వివరాలూ తమిళ అక్షరాల్లోకి కూడా మార్చాను. పెద్దాయన వచ్చి చదివి, బాగుండాది అని ఒక్క మాట అని వెళ్లాడు. ఆయన పెద్దమనిషి కాబట్టి అంతటితో వదిలేశాడు.

అవ్వ కర్మ రోజు పొన్నై తాత వచ్చాడు. కొత్త తుండు వేసుకున్నాడు. భోజనాలయ్యాక నన్ను పక్కకు పిలిచి, అవ్వ పటం పెట్టినావే, అట్లా కన్నమ్మకు కూడా ఒకటి పెట్టమన్నాడు. పటం లేదు తాతా అన్నాను. పేరు చాలన్నాడు. సరేనని ఫోన్ తీసి మొదలుపెట్టాను. నేను కట్టుదిట్టంగా మార్చి పెట్టిన కొత్త ఏర్పాటు నన్నే అడ్డుకుంది, ఊరు చెప్పందే కబురు లోపలికి తీసుకోనంది. వేలూరు ఒకటి, గుడియాత్తం ఒకటి, రెండే ఉన్నాయి. ఆమె వేలూరు మనిషి కాదు, గుడియాత్తం మనిషి అసలే కాదు. ఏ ఊరని రాసేది అని తాతనే అడిగాను.

"పొన్నై అని రాయి" అన్నాడు. "చీర నేను పెట్టినాను గదా. ఆయమ్మకు ఇంగ అదే పుట్టిల్లు."

పొన్నైకి సంఘం లేదు, సైట్ లేదు. నేను ఆ రాత్రే పొన్నై పేరుతో ఒక డొమైన్ కొని పట్టికలో మూడో వరుసగా చేర్చాను. దాంట్లో ఇప్పటికీ ఉన్నది ఒకే ఒక్క పేరు. ఎవరూ తెరవరు. నేనే అప్పుడప్పుడు తెరిచి చూసి మూసేస్తాను.

కాబట్టి మహాజనులారా, గుడియాత్తం బజారు వీధి బట్టల అంగడివారి కూతురు భువన అనే నేను మా అవ్వ పటం ముందర నిలబడి ప్రమాణం చేసి చెప్పేదేమంటే, ఇకమీదట ఏ మోడల్‌ను పట్టుకొని మనది ఏ ఊరు అని అడగను, అడిగి అది చెప్పింది నమ్మను. తాత్కాలికం అనే మాటను నా చేతులతో ఎక్కడా రాయను. సీనియర్ ఏదైనా చెబితే టీ ఆరిపోయినా సరే పూర్తిగా వింటాను. మా పొన్నై తాత నూరేళ్లు ఉండాలి. ఆపైన ఆయన కబురు మాత్రం ఏ లింకుకూ అప్పజెప్పకుండా, నేనే స్వయంగా ఊరూరూ నడిచి వెళ్లి, మంచినీళ్లు ముట్టకుండా, వాకిట్లో నిలబడి చెబుతాను.

మొన్న పొన్నై వెళ్లినప్పుడు ఈ ప్రమాణం తాతకు మొత్తం చదివి వినిపించాను. ఆయన అంగట్లో బెల్లం కొడుతూ శ్రద్ధగా విన్నాడు.

"అంతా బాగుండాదమ్మా" అన్నాడు. "నువ్వు నడిచే పో. పొయ్యేటప్పుడు మ్యాప్ మాత్రం చూడాకు."